సింగమ్మ చూపు

ఊ కొడతారా మరి? ఊ కొట్టేవాళ్లుంటేనే ఈ కథ ముందుకు నడుస్తుంది.

మన ముత్తాతలకు ముత్తాతలు ఇంకా పుట్టకముందు, చిట్టేటి పక్కన ఒక ఊరుండేది. ఆ ఊళ్లో సింగమ్మ అని ఒక మనిషి. ఇంటింటికీ తిరిగి కుడితి పోయించుకోవడం ఆమె పని. బియ్యం కడిగిన నీళ్లు, మిగిలిన గంజి, కూరగాయల తొక్కలు, అన్నీ కుండలో పోయించుకుని గొడ్లున్న ఇళ్లకు చేరవేసేది. వాళ్లు పెట్టింది తినేది. అంతే ఆమె బతుకు.

కుడితి చూస్తే చాలు, ఆ ఇంటి సంగతి ఆమెకు తెలిసిపోయేది. ఈ ఇంటికి చుట్టాలొచ్చారు, ఆ ఇంట్లో ఎవరికో జ్వరం, అదిగో ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాం అలిగి పస్తున్నారు, అని.

ఊరి చివర పెద్ద పెంకుటింట్లో వరదమ్మ ఒక్కతే ఉండేది. మొగుణ్ణీ ఇద్దరు బిడ్డల్నీ ఒకే ఏడు మాయరోగం ఎత్తుకుపోయింది. ఆ తర్వాత ఆమె ఏ వస్తువునూ పారేయలేదు, ఏ జీవాన్నీ కాదనలేదు. ముసలి కుక్క, కుంటి దూడ, పాలెండిన మేక, ఎవరికేది బరువైతే అది తెచ్చి ఆమె గుమ్మంలో విడిచేవాళ్లు. వరదమ్మ తల్లి ఉంది కదా అనుకునేవాళ్లు. దండం పెట్టుకుని ఇంటికి పోయేవాళ్లు.

ఒక ఎండాకాలం సింగమ్మ ఆ తలుపు తట్టింది. కుడితి పొయ్యమని అడిగింది. తలుపు బెత్తెడు తెరుచుకుంది. ఇవాళ లేదు, అన్నీ తాగేశాయి, అంతా బాగానే ఉంది పో, అంది వరదమ్మ.

వారం తిరిగాక మళ్లీ తట్టింది. తలుపు రెండు వేళ్ల సందు తెరుచుకుంది. అన్నీ నిద్రపోతున్నాయి, అంతా బాగానే ఉంది పో, అంది వరదమ్మ.

సింగమ్మ ఏటి దాకా నడిచి అక్కడే ఆగిపోయింది. కుడితి లేదంటే ఆ ఇంట్లో బియ్యం కడగలేదు. బియ్యం కడగలేదంటే పొయ్యి వెలగలేదు. మరి అన్ని జీవాలు ఏం తింటున్నాయి? ఇంకొకటి తోచింది. అన్ని కుక్కలున్న ఇంటి తలుపు తడితే, ఒక్కటీ మొరగలేదు.

ఊరిపెద్ద పాపినాయుడు దగ్గరకు పరుగెత్తింది. ఆయన వినలేదు. పుణ్యాత్మురాలిని అనుమానిస్తే కళ్లు పోతాయన్నాడు. తన వేటకుక్క ముసలిదైతే తానే అక్కడ విడిచి వచ్చానన్నాడు. ఆ ఇంటికి పూచీ తనదన్నాడు.

మర్నాడు పొద్దున్నే సింగమ్మ మూడోసారి తట్టింది. తలుపు ఒక్క వేలు పట్టేంత సందు తెరుచుకుంది. "అంతా బాగానే..." అని వరదమ్మ అంటుండగానే, భుజం ఆనించి తోసింది. అడ్డుపడ్డ వరదమ్మ చెయ్యి ఎండు పుల్లలా తగిలింది.

లోపల నేల కనపడలేదు. విరిగిన కుండలు, చిరిగిన చాపలు, గోతాలు, పాత గుడ్డలు, దూలాల దాకా పేర్చి ఉన్నాయి. మధ్యలో మనిషి పక్కకు తిరిగి నడిచేంత దారి. వాసనకు కళ్లు మండాయి. ఆ గుట్టల సందుల్లో కళ్లు మెరుస్తున్నాయి. లేవలేని దూడ. ఈకల్లేని చిలక. మెడలో తాడు చర్మంలోకి దిగిపోయిన కుక్క. అరవడానికి కూడా ఓపిక లేక, అన్నీ ఆమెనే చూస్తున్నాయి.

ఒక మూల చాప కప్పి ఉంది. సింగమ్మ వంగి చాప అంచు పట్టుకుంది.

"లేపకే సింగీ," అంది వరదమ్మ గుసగుసగా. "ఇప్పుడే పడుకున్నాయి."

సింగమ్మ చాప ఎత్తింది. చూసింది. మళ్లీ కప్పింది.

ఊపిరున్నవాటిని ఒక్కొక్కదాన్నే ఎత్తుకుని బయటికి తెచ్చి వీధిలో పడుకోబెట్టింది. పోతోంది, తెస్తోంది. పోతోంది, తెస్తోంది. జనం పోగయ్యారు, ఎవరూ కదల్లేదు. ఇది మా దూడే అని ఒకామె గొణిగింది. ఇది మా చిలక, అన్నాడు ఇంకొకాయన. పాపినాయుడు తోసుకుంటూ ముందుకొచ్చాడు. తాడు దిగిన కుక్క ఆయన్ని వాసన పట్టింది. తల ఎత్తలేకపోయింది గానీ, తోకతో నేల మీద మెల్లగా కొట్టింది. ఒకసారి. రెండుసార్లు. మూడుసార్లు. పాపినాయుడు ఆ దుమ్ములోనే కూలబడ్డాడు.

అప్పుడు జనానికి కోపమొచ్చింది. వరదమ్మ మీదికి రాళ్లు ఎత్తారు. సింగమ్మ అడ్డం నిలబడింది.

"కొట్టేముందు చెప్పండయ్యా. ఇక్కడ విడిచిపోయాక మీలో ఎవరు మళ్లీ వచ్చి చూశారు? ఆ చాప కింద నా పిల్లి కూడా ఉంది. పోయినేడు నేనే తెచ్చి వదిలాను. నేనూ రాలేదు."

రాళ్లు ఒక్కొక్కటే కింద పడ్డాయి.

కొన్ని బతికాయి, కొన్ని బతకలేదు. పాపినాయుడి కుక్క మూడు రోజులుండి, ఆయన ఒళ్లోనే పోయింది. సింగమ్మ వరదమ్మను తన గుడిసెకు తీసుకుపోయి గంజి తాగించింది. నెల పోయాక వరదమ్మ నోరు విప్పింది. పోయినవాళ్లు చాలనుకున్నానే సింగీ, ఇంక నా చేతిలోంచి ఏదీ పోకూడదనుకున్నానే, అని ఏడ్చింది. సింగమ్మ ఆమె తల నిమిరింది.

అప్పటినుంచీ సింగమ్మ గుమ్మం దగ్గర ఆగడం మానేసింది. దొడ్లోకి పోయి, గొడ్డును తాకి, మనిషిని చూసి, అప్పుడే కుడితి అడిగేది. పోయేదాకా అలాగే తిరిగింది. ఆమెకు గుడి కట్టలేదు, రాయి పాతలేదు.

కానీ చిట్టేటి పక్క ఊళ్లలో ఇప్పటికీ ఒక వాడుక ఉంది. దూడనో కుక్కపిల్లనో ఎవరికైనా ఇస్తే మూడో రోజు, మూడో వారం, మూడో నెల వెళ్లి చూస్తారు. బాగుందా అని వాకిట్లో నిలబడి అడగరు. లోపలికి పోయి, చేత్తో తడిమి చూస్తారు. ఎవరింటి తలుపైనా నాలుగు రోజులు మూసే ఉంటే అక్కడికీ పోతారు. దాన్ని సింగమ్మ చూపు అంటారు. ఇంటివాళ్లు కోప్పడరు. తలుపు బార్లా తీసి, "సింగమ్మ వచ్చింది, చూసుకోనివ్వండి" అంటారు. వచ్చినవాడు మీసాలున్న మగాడైనా సరే, అలాగే అంటారు.