తక్కెడ చెప్పని అంకెలు

అనగనగా ఒక అడవిలో పోలమ్మ అనే ముంగిస ఉండేదర్రా. జ్వరాలకు పసరు నూరి పోసేది. మందు మంచిదే కానీ మహా పెంకిది. తక్కువైతే జ్వరం దిగదు, ఎక్కువైతే గుండె ఆగుతుంది. అందుకని రోగిని తక్కెడలో కూర్చోబెట్టి, అవతలి పళ్ళెంలో ఏటి గులకరాళ్ళు వేసి తూచేది. ఎన్ని రాళ్ళు తూగితే ఆ లెక్కను మూడుతో భాగించి, అన్ని గీతల మందు, గీతలు గీసిన వెదురు గొట్టంతో కొలిచి పోసేది.

ఆ అడవి జనానికి ఒక పిచ్చి ఉంది. అంకె ఎంత పొడుగుంటే వైద్యం అంత గొప్పదని నమ్మకం! ఏటి అవతల నక్క కూడా మందులిచ్చేది. "నాలుగు పాయింట్ మూడు మూడు మూడు మూడు..." అని ఊపిరి తిప్పుకోకుండా చదివేది. జనం అటే ఎగబడ్డారు. పోలమ్మ ఊరుకుంటుందా? తనూ అంకెలు సాగదీయడం మొదలుపెట్టింది.

ఒకనాటి పొద్దున వరాలు అనే కుందేలు తన పిల్లను వీపున వేసుకుని పరుగెత్తుకొచ్చింది. పిల్ల ఒళ్ళు పెనంలా కాలిపోతోంది.

"పోలమ్మత్తా, కాపాడు! నాకు మిగిలింది ఇదొక్కతే!"

పోలమ్మ పిల్లను తూచింది. ఇరవై రాళ్ళు.

"ఆరు పాయింట్ ఆరు ఆరు ఆరు ఏడు గీతలు!" అని గొంతెత్తి చదివింది. చుట్టూ చేరినవాళ్ళు "అబ్బో!" అన్నారు.

"అత్తా, పిల్ల వణుకుతోంది కదా. తక్కెడ కుదురుగా నిలవలేదు. ఇంకోసారి తూచవా?" అంది వరాలు.

పోలమ్మకు చిరాకేసింది. అయినా తూచింది. ఈసారి పంతొమ్మిది. లెక్క కడితే ఆరు పాయింట్ మూడు మూడు మూడు మూడు. మళ్ళీ తూచింది. ఇరవై రెండు! ఏడు పాయింట్ మూడు మూడు మూడు మూడు.

పోలమ్మ ఆ రాళ్ళ వంక చూస్తూ ఆలోచనలో పడింది. ఆరో ఏడో అన్నదే తేలకపోతే, వెనక ఇంత పొడుగు తోక ఎక్కణ్ణుంచి వచ్చింది? తక్కెడ చెప్పలేదు. భాగహారం చేసి తనే అతికించింది.

"ఏంటమ్మా, తొందరగా తేల్చు. లేకపోతే నక్క దగ్గరికి పోతాం," అని అడవిపంది గుర్రుమంది.

పొడుగు అంకె చదివితే పరువు నిలుస్తుంది. కానీ పిల్ల? పోలమ్మ గొట్టం కింద పెట్టేసింది.

"నాకు తెలిసింది ఇంతే. ఆరు నుంచి ఏడున్నర దాకా ఎంతైనా కావచ్చు. ఆపైన నాకూ తెలీదు, నా తక్కెడకూ తెలీదు."

"ఓయమ్మో, ఇదేం వైద్యం!" అని పంది పగలబడి నవ్వింది. జనమంతా దాని వెనకే ఏరు దాటిపోయారు. పోలమ్మకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"నువ్వూ పోతావా వరాలూ?"

"పోను. తెలీనిది తెలీదన్నావు కదత్తా, నిన్నే నమ్ముతాను."

"అయితే ఆరే పోస్తాను. తక్కువైతే మళ్ళీ పోసుకోవచ్చు. ఎక్కువైతే వెనక్కి తీయలేం."

ఆరు గీతల మందు పోసి, పిల్ల పక్కనే కూర్చున్నారు. మధ్యాహ్నానికి జ్వరం సగమే దిగింది. పోలమ్మ ఇంకో అర గీత పోసి, పిల్ల ఎదమీద చెవి పెట్టింది. గుండె దడదడా కొట్టుకుంటోంది. "చాలు, ఇంక చుక్క కూడా వద్దు," అని గొట్టం పక్కకు నెట్టేసింది.

పొద్దు వాలేసరికి పిల్ల కళ్ళు తెరిచింది. "అమ్మా, ఆకలి," అంది. వరాలు బిడ్డను వాటేసుకుని భోరున ఏడ్చింది.

"ఆరున్నరకే గుండె అంతలా అదిరింది వరాలూ," అంది పోలమ్మ. "పొద్దున నా పరువు కోసం ఆ ఏడు పాయింట్ మూడు మూడు మూడు పోసేసి ఉంటే..."

తల్లి ఒడిలో పిల్ల గడ్డిపరక నములుతోంది.

నీతి: కొలత ఎంతవరకు చెబితే అంతవరకే చెప్పాలి, లెక్కలో వచ్చిన ప్రతి అంకె నిజం కాదు.