కాపలా కొమ్మకు ఎక్కిన ఈగపిట్ట

మబ్బులు చెట్ల నడుమ తిరిగే కొండ అది. మధ్యాహ్నం కూడా చలే. అక్కడి పిట్టలన్నీ కలిసి పురుగుల వేటకు వెళతాయి, పొద్దుగూకితే ఒకే కొమ్మ మీద ఒకదానికొకటి ఒరుసుకుని వెచ్చగా పడుకుంటాయి. పైకొమ్మ మీద పసులపోలిగాడనే చీలుతోక నల్లపిట్ట కాపలా. వాడు "డేగ!" అని అరిచాడా, అందరూ నోట్లోది అక్కడే వదిలేసి ఆకుల్లో దూరాల్సిందే.

ఆ గుంపులోకి కొత్తగా ఒక ఈగపిట్ట వచ్చింది. గుప్పెడు కూడా ఉండదు. పోయిన వానల్లో దాని జోడును డేగ ఎత్తుకుపోయింది. పక్కన ఎవరూ లేకుండా పడుకోవడమంటే ఏమిటో అలా పడుకున్నవాళ్లకే తెలుసు, మనం చెప్పేదేముంది!

"నాకూ కాస్త చోటివ్వవా అత్తా?" అని గుంపుకు పెద్దయిన వడ్రంగిపిట్టను బతిమాలింది.

"ఉండవే తల్లీ, నలుగురితో పాటు నువ్వూను. ఆ చివర సర్దుకో."

చివరైతేనేం, ఒక పక్కన్నా వెచ్చగా ఉంది. ఈగపిట్ట మురిసిపోయింది.

కానీ ఈగల్ని గాల్లోనే పట్టే కళ్లు దానివి. ఎవరికైనా బలిసిన పురుగు దొరికినప్పుడే పోలిగాడు అరుస్తున్నాడనీ, పైన డేగ కాదు కదా దాని ఈక కూడా ఉండటం లేదనీ ఇట్టే పసిగట్టింది. అందరూ దాక్కోగానే వాడు కిందికి దిగి తినేస్తున్నాడు. దొంగ చేతికే తాళం ఇచ్చారన్నమాట!

"ఇదేం పని మావా?" అని అడిగింది.

"నోర్మూసుకోవే, నిన్నగాక మొన్న వచ్చినదానా! ఒక్క మాట బయటికొచ్చిందా, కొమ్మ మీద నీ చోటు గల్లంతే."

అయినా ఉండబట్టలేక అత్తకు చెప్పింది. "చోటిస్తే చాడీలా? ఇంకోసారి అన్నావంటే వెళ్లిపోదువుగాని," అంది అత్త.

పాపం, చెబితే ఎవరూ వినరని ఈగపిట్టకు అర్థమైంది. ఇక ముల్లును ముల్లుతోనే తీయాలనుకుంది. ఒక గొంగళిపురుగును ఆకులో చుట్టి, ఆకు పట్టుకుని, "అబ్బో, ఎంత బలిసిందో!" అని గట్టిగా అంది.

"డేగ! డేగ!" అరిచాడు పోలిగాడు.

ఈగపిట్ట ఆకు వదిలేసింది. వాడు ఆత్రంగా దిగి గుటుక్కున మింగాడు. ఇంకేముంది, గొంతు వాచింది, ముక్కు నిండా వెంట్రుకలు. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనలేకపోయాడు.

అత్త బయటికొచ్చి చూసింది. "డేగ ఏదిరా? నీ ముక్కుకు ఆ వెంట్రుకలేంట్రా?"

దొంగతనం బయటపడేసరికి వాడు బొటబొటా కన్నీళ్లు కార్చాడు. పిట్టలకు జాలేసింది. "గొంతు పోయిన వెధవ, ఎక్కడికి పోతాడు? ఉండనీ."

"మరి కాపలా ఎవరు?" అంది ఒక పిట్ట.

"ఇంకెవరు? అబద్ధమాడని ఈగపిట్టే!" అంది అత్త.

"నాకొద్దత్తా," అంది అది కంగారుగా. "మీ మధ్యన చోటుంటే చాలు."

"పిచ్చిదానా, ఎంత మర్యాదే అది! ఎక్కు, ఎక్కు."

ఎక్కింది. పొద్దుగూకింది. కింద దాని చోట్లో పోలిగాడు ఇరుక్కుని కూచుంటే, పక్కనున్న పిట్ట వాడికి వెచ్చగా ఆనుకుంది. పైన చలిగాలి. ఈగపిట్టకు ఏడుపొచ్చింది, అయినా కళ్లు మూయకుండా ఆకాశంకేసి చూస్తూ కూచుంది.

నిజం చెప్పినవాడికి పీట ఎత్తునే వేస్తారు, పక్కన మాత్రం వేయరు.