గుండె లెక్క చెప్పే వాచీ

తునికికోన అడవిలో కృష్ణజింకలు, దుప్పులు, కణుజులు, మనుబోతులు ఒకే మందగా మేసేవి. నెమళ్లు వాటికి ఊరి కబుర్లు మోసుకొచ్చేవి. కొండముచ్చు దాసు ఒక చిన్న కొట్టు నడిపేవాడు. ఆ అడవిలో దేనికీ కొదవ లేదు, ఒక్క నీళ్లకి తప్ప.

ఎండాకాలం వస్తే కోనలో మడుగు ఎండిపోయేది. అప్పుడు మంద అంతా పడమటి రాతిబయలు దాటి చిలకవాగుకి చేరాలి. ఆ బయలు మీద ఒక్క చెట్టు కూడా ఉండదు. తెల్లవారుతూనే బయలుదేరి, ఎండ నడినెత్తికి రాకముందే దాటాలి. మరీ మెల్లగా నడిస్తే ఎండ మాడ్చేస్తుంది. మరీ జోరుగా పోతే పిల్లలు పడిపోతారు. అందుకని అక్కడ ఒక ఆచారం ఉండేది. ఒకరు ముందు నడిస్తే, మిగతావాళ్లు ఆ అడుగుని బట్టి నడవాలి. ఆ పనిని 'ముందడుగు' అనేవారు.

పన్నెండేళ్లుగా ముందడుగు వేసింది ముసలి కణుజు పోలమ్మ. ఈ ఏడు ఆమె మోకాళ్లు మొరాయించాయి.

"ప్రయాణానికి ఇంకా నలభై రోజులుంది. ముందడుగు వేయాలనుకునేవాళ్లు ఇప్పటినుంచే కాళ్లకు పని చెప్పండి," అందామె.

ఇద్దరు ముందుకొచ్చారు. ఒకడు కృష్ణజింక కొమ్ములరాజు. అడవిలో అతన్ని మించి పరిగెత్తేవాడు లేడు, ఆ మాట అందరికీ చెప్పేదీ అతనే. రెండోది మనుబోతు గైరమ్మ. ఆమె మాట తక్కువ, నడక ఎక్కువ. వ్యాయామానికి ముంగాలికో వాచీ ఉంటే మంచిదని ఇద్దరూ దాసు కొట్టుకి వెళ్లారు.

"ఏం పనికి కావాలి?" అని అడిగాడు దాసు.

"పనితో ఏం పని మావా? అన్నీ ఉన్నది తియ్యి!" అన్నాడు కొమ్ములరాజు.

దాసు తళతళలాడే స్మార్ట్‌వాచ్ ఒకటి తీశాడు. "ఇందులో పాటలొస్తాయి, ఫోన్లొస్తాయి, మెసేజీలొస్తాయి. అడుగులు లెక్కపెడుతుంది. దారి పటం కూడా ఉంది. కాకపోతే రోజూ ఇక్కడికి తెచ్చి చార్జింగ్ పెట్టుకోవాలి. అన్నీ ఒకేసారి వాడితే పూట కూడా ఆగదు."

చివరి రెండు మాటలూ కొమ్ములరాజు వినలేదు. అప్పటికే వాచీ పెట్టుకుని ముంగాలు అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు.

గైరమ్మకీ ఆ వాచీ మీదే మనసు పోయింది. పోకుండా ఎలా ఉంటుంది? మీకైనా పోతుంది, నాకైనా పోతుంది. కానీ ఆమె కాసేపు ఆగి, "బాబాయ్, నేను పిల్లాజెల్లా అందరినీ రాతిబయలు దాటించాలి. దానికి ఏది పనికొస్తుంది?" అంది.

దాసు మూలనున్న నల్లటి వాచీ ఒకటి దుమ్ము దులిపి ఇచ్చాడు. "ఇది స్పోర్ట్స్ వాచ్. ఇది పాడదు, కబుర్లు చెప్పదు. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో, ఎంత దూరం వచ్చామో, ఏ దిక్కుకి పోతున్నామో చెబుతుంది. గిట్టతో నొక్కినా బొత్తాలు పనిచేస్తాయి. ఒక్కసారి చార్జింగ్ పెడితే ఇరవై రోజులు చూడక్కర్లేదు."

"అదేం వాచీ అక్కా, బొగ్గుముక్కలా ఉంది!" అని కొమ్ములరాజు పడీ పడీ నవ్వాడు.

ఆ నలభై రోజులూ కొమ్ములరాజు రివ్వున పరిగెత్తి, "ఇవాళ ఇరవై వేల అడుగులు!" అని చాటేవాడు. నెమళ్లు ఆహా అనేవి. వాటి మెచ్చుకోళ్లు చదవడానికి మధ్యమధ్యలో ఆగేవాడు. గైరమ్మ మాత్రం పొద్దున్నే మందలోని పిల్లలతో నడిచేది. గుండె దడ పెరిగితే నడక తగ్గించేది, తగ్గితే పెంచేది. అది చూడ్డానికి ఎవరూ రాలేదు. అందులో చూడ్డానికేముంది!

మంద కొమ్ములరాజునే ఎన్నుకుంది. నిజం చెప్పాలంటే, మంద కూడా ఆ తళుకునే చూసింది.

"పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలురా నాయనా," అని పోలమ్మ ఒక్కతే గొణిగింది.

తెల్లవారింది. మంద బయలుదేరింది. కొమ్ములరాజు పాట పెట్టుకుని, ఆ పాట జోరుకి తగ్గట్టు అడుగులేశాడు. నిమిషానికో నెమలి పువ్వు బొమ్మతో 'శుభోదయం' పంపింది. అందరికీ జవాబిచ్చాడు. సరిగ్గా బయలు నడిమధ్యకి వచ్చేసరికి వాచీ ఆరిపోయింది. దారి పటం దానితోపాటే పోయింది. ఎటు చూసినా ఒకేలాంటి బండలు. కొమ్ములరాజుకి రొప్పు ఆగడం లేదు.

అంతలో వెనకనుంచి ఓ తల్లి దుప్పి కేక వేసింది. "అయ్యో, నా బుడ్డి పడిపోయింది! లేవడం లేదు!"

బుడ్డి మందలోకెల్లా చిన్న పిల్ల. కళ్లు తేలేసింది. గైరమ్మ పరుగున వచ్చి, తన వాచీ విప్పి బుడ్డి కాలికి కట్టింది. గుండె వేగం అంకె చూసి అదిరిపడింది.

"పెద్దవాళ్లంతా దీని చుట్టూ నిలబడండి. మన నీడ దీనిమీద పడాలి. ఈ అంకె దిగేదాకా ఎవరూ కదలొద్దు."

"ఎండ ఎక్కుతోంది కదా అక్కా!" అన్నాడు కొమ్ములరాజు.

"ఎక్కనీ తమ్ముడూ. మన గుండెలు ఓర్చుకుంటాయి. దీని గుండె ఓర్చుకోలేదు."

మంద కదలకుండా నిలబడింది. వీపులు కాలాయి. చాలాసేపటికి అంకె దిగింది, బుడ్డి లేచింది. గైరమ్మ వాచీలో పడమర ఎటో చూసి, బుడ్డిని అందరికంటే ముందు నిలబెట్టింది. తను పక్కనే నడుస్తూ, అంకె పెరిగినప్పుడల్లా మందను ఆపింది. ఎండ నడినెత్తికి వచ్చి, దాటి కూడా పోయింది. గిట్టలు బొబ్బలెక్కాయి. అయినా చిలకవాగు చేరేసరికి మందలో ఒక్కరూ తగ్గలేదు.

బుడ్డి మూతి ముంచి గుటగుటా తాగింది. కొమ్ములరాజు మాత్రం అందరూ తాగేదాకా ఒడ్డునే నిలబడ్డాడు.

"నా వాచీ మంచిది కాదా అక్కా?" అని అడిగాడు.

"ఎందుకు కాదు? కబుర్లు కావాలనుకునేవాళ్లకి అది బంగారం. కొనేటప్పుడు నీ పనేమిటో నువ్వు దాసు బాబాయికి చెప్పలేదు, అంతే."

కొమ్ములరాజు తల వంచుకున్నాడు. "నాకు తెలిస్తే కదా చెప్పడానికి! వీళ్లని దాటించడం నా పని అనుకోలేదక్కా. వీళ్లంతా నన్ను చూడాలి, అంతే అనుకున్నాను."

ఆ మాటకి గైరమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రోజునుంచి ముందడుగు గైరమ్మది. వెనకబడినవాళ్లతో నడవడానికి ఒకరు కావాలంటే, కొమ్ములరాజు తనే అడిగి ఆ పని తీసుకున్నాడు.

నీతి: వస్తువులో ఏమేం ఉన్నాయో అడిగేముందు, మనకున్న పని ఏమిటో, అది ఎవరికోసమో మనల్ని మనం అడగాలి.