కుర్చీలో కూర్చున్న పుస్తకం

శేషారత్నానికి పరిశోధనలో సీటు రాలేదు.

రాతపరీక్షలో మొదటి ర్యాంకు ఆమెదే. ఇంటర్వ్యూలో కూడా జ్ఞానోదయ యుగం నుంచి ఆధునిక యుగం దాకా ఏది అడిగినా తడుముకోలేదు. ఏ దేశంలో ఎవరు ఏం రాశారో, దాని గురించి ఏ విమర్శకుడు ఏమన్నాడో గడగడా అప్పజెప్పింది. చివర్లో ఒక పెద్దాయన కళ్ళజోడు తీసి, "ఇదంతా వాళ్ళన్నది. మరి నువ్వేమంటావమ్మా?" అని అడిగాడు.

ఆమె ఏమీ అనలేకపోయింది. అక్కడితో సరి.

ఏడాది ఆగింది. మళ్ళీ ఇంటర్వ్యూ, రేపే. ఈసారీ తప్పితే పొగాకు కంపెనీలో గుమాస్తా పనికి వెళ్ళిపోవాలి. తల్లి ముప్పై ఏళ్ళుగా పొగాకు గ్రేడింగు చేస్తున్న కంపెనీ అది.

చీరాలలో ఆమెకున్న దిక్కు జకరయ్య మాస్టారు. కాలేజీలో నలభై ఏళ్ళు ప్రపంచ సాహిత్యం చెప్పి రిటైరైన మనిషి. ఆదివారం చర్చి నుంచి రాగానే తలుపు తీసి పెట్టేవాడు, చదువుకోవాలనుకునేవాళ్ళు వచ్చేవాళ్ళు. ఇంట్లో పుస్తకాలన్నీ కాలక్రమంలో సర్ది ఉంటాయి. కిటికీ పక్క బీరువాలో జ్ఞానోదయ యుగం మొదలవుతుంది. వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆధునికులు కనిపిస్తారు.

ఆ పుస్తకాల మీద శేషారత్నం భక్తి చూసి తీరాల్సిందే. చేతికి రాగానే కళ్ళకద్దుకునేది. ఇంటికెళ్ళి అట్ట వేసేది. పొరపాటున కాలు తగిలితే లెంపలు వేసుకునేది. తిరిగి ఇచ్చేటప్పుడు పుస్తకం తీసుకెళ్ళినప్పటికన్నా శుభ్రంగా ఉండేది. అందుకు ఆమెకు కొంచెం గర్వం కూడా ఉండేది, ఎందుకు దాచాలి.

ఆ ఆదివారం తిరిగివ్వడానికి తెచ్చింది మొదటి బీరువాలో పుస్తకం. రాజుకీ మతానికీ తలవంచకుండా మనిషి తన బుద్ధితో తానే నడవాలని వాదించిన ఒక తత్వవేత్తది. ఇంటర్వ్యూ కోసం రెండోసారి చదివింది.

"ఒక్క మరక లేదు మాస్టారూ, చూసుకోండి."

మాస్టారు చూడలేదు. లోపలికెళ్ళి మూడు గ్లాసుల్లో టీ తెచ్చాడు. ఒకటి ఆమెకిచ్చాడు. ఒకటి తను తీసుకున్నాడు. ఆమె చేతిలోని పుస్తకాన్ని ఎదుటి కుర్చీలో నిలబెట్టి, మూడో గ్లాసు దాని ముందు స్టూలు మీద పెట్టాడు.

"ఎవరికి మాస్టారూ?"

"ఆయనకే. ఇంటికొచ్చిన మనిషి. మాట్లాడు."

శేషారత్నం నవ్వింది. మాస్టారు నవ్వలేదు. సరే కదా అని ఆమె గొంతు సవరించుకుని, ఆ పుస్తకం ఎంత గొప్పదో, దానివల్ల ఏ దేశంలో ఏం మారిందో కుర్చీకి చెప్పడం మొదలుపెట్టింది.

"అవన్నీ ఆయన వినీ వినీ ఉన్నాడు" అన్నాడు మాస్టారు. "రెండొందల యాభై ఏళ్ళ నుంచి ఎవరైనా తగువుకొస్తారేమోనని చూస్తున్నాడమ్మా. నువ్వేమో అట్ట వేసి, దణ్ణం పెట్టి పంపేస్తున్నావు."

"ఆయనతో తగువు పెట్టుకోడానికి నేనెంతదాన్ని?"

"నూట పన్నెండో పేజీ చదివావా?"

ఆమె ముఖం మారింది. చదివింది, రెండుసార్లు. ఆడవాళ్ళకీ, వేడి దేశాల కూలిజనానికీ సొంతంగా ఆలోచించే బుద్ధి ఉండదనీ, వాళ్ళపైన ఒక యజమాని ఉండటమే వాళ్ళకు మేలనీ ఆ పేజీలో ఉంది.

"చదివాను."

"ఏం రాసుకున్నావు?"

"ఏమీ రాసుకోలేదు. గైడులో ఆ పేజీ సంగతి లేదు మాస్టారూ."

"నాకెందుకు చెప్తావు? ఆయనకు చెప్పు."

టీ మీద మీగడ కట్టింది. శేషారత్నం తన గ్లాసు కింద పెట్టి కుర్చీ వైపు తిరిగింది.

"అయ్యా, మా అమ్మ చదువుకోలేదు. ఆకు చేత్తో పట్టుకుని, వాసన చూసి, ఏ గ్రేడో చెప్పేస్తది. ఒకసారి మేనేజరు తప్పు చెప్తే, తప్పని నలుగురిలో అన్నది. రెండు నెలలు పనిలోకి రానీలేదు. గంజి తాగాం కానీ మాట మార్చుకోలేదు." గొంతు లేచింది. "తలవంచొద్దని మీరు పుస్తకం రాశారు. మా అమ్మ ఏ పుస్తకం చదవకుండానే వంచలేదు. ఆమెకు బుద్ధి లేదని, యజమాని కావాలని మీకెవరు చెప్పారు? ఎవరినడిగి రాశారు?"

పక్కింటావిడ గోడ మీద నుంచి తొంగి చూసింది. మాస్టారు అటు చూడలేదు.

"ఆ కాలం అలాంటిదమ్మా" అన్నాడు మెల్లగా.

"ఏ కాలం మాస్టారూ? అప్పుడు మాత్రం మా అమ్మలాంటోళ్ళు లేరా? ఆయనకు వంట చేసి పెట్టినామె లేదా ఆ ఇంట్లో? ఆమెనడిగితే చెప్పేది కాదా, ఆ కాలం ఎలాంటిదో?"

అనేసి నాలిక్కరుచుకుంది. ఇన్నేళ్ళలో మాస్టారికి ఎదురు చెప్పడం అదే మొదలు. ఆయనకు కోపం వచ్చిందేమోనని ముఖంలోకి చూసింది.

మాస్టారు కుర్చీలోంచి పుస్తకం తీశాడు. ఆమె వేసిన అట్ట నిదానంగా విప్పి పక్కన పెట్టాడు. నూట పన్నెండో పేజీ తెరిచాడు. అంచున చిన్న అక్షరాలతో, వెలిసిపోయిన పెన్సిలుతో, ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తల్లో రాసుకున్న మాట ఉంది. "ఆ కాలం అలాంటిది."

పుస్తకం చదివిన రెండుసార్లూ శేషారత్నం ఆ మాట చూసింది. మాస్టారి చేతిరాత కాబట్టే నోరు మూసుకుని పేజీ తిప్పేసింది.

"క్లాసులో నలభై ఏళ్ళు ఇదే చెప్పాను" అన్నాడాయన. "ఒక్కరూ కాదనలేదు."

జేబులోంచి పెన్సిలు తీసి తెరిచిన పేజీ మీద పెట్టి, పుస్తకం ఆమె ముందుకు జరిపాడు.

ఆమె పెన్సిలు అందుకుంది. మాస్టారి అక్షరాల కింద "కాదు" అని రాసింది. కాసేపు చూసి, దాని కింద తన పేరు రాసింది, ఇంటిపేరుతో సహా.

మాస్టారు చల్లారిపోయిన మూడో గ్లాసు అందుకుని, మీగడ తీసేసి, టీ మొత్తం తాగాడు.

"పుస్తకం రేపు ఇంటర్వ్యూకి తీసుకెళ్ళు" అన్నాడు.

శేషారత్నం లేచింది. అలవాటుగా పుస్తకం కళ్ళదాకా ఎత్తబోయి, మధ్యలోనే దించి చంకలో పెట్టుకుంది. అట్ట కుర్చీ పక్కనే ఉండిపోయింది. పెన్సిలు మాత్రం చేతిలోనే ఉంది.

"రేపు వాళ్ళు కూడా ఆ కాలం అలాంటిదే అంటారు" అన్నాడు మాస్టారు.

"అననివ్వండి మాస్టారూ."