గిఫ్ట్ జాడీ

తీపి అంటే పడిచచ్చే భైరవకోట రాజావారు ఆ రోజు నారింజ మురబ్బా జాడీని చూసి వణికిపోయారు.

దాన్ని తెచ్చింది కొత్తగా రేవులో దిగిన ఇంగ్లీషు కెప్టెను. వంగి దండం పెట్టి, నవ్వుతూ "గిఫ్ట్!" అన్నాడు.

దుబాసీ జగ్గప్ప కెవ్వుమన్నాడు.

"ముట్టుకోకండి ప్రభూ! గిఫ్ట్ అంటే విషం. నాకు చదువు చెప్పిన జర్మనీ పాదిరి ఎలుకల మందుని అదే పేరుతో పిలిచేవాడు!"

"ఎవరికైనా రుచి చూపిస్తే?"

"నిదానంగా చంపే రకమేమో ప్రభూ!"

రాజావారు కెప్టెన్ని కట్టి సముద్రంలో పడెయ్యమన్నారు. నవ్వుతూ వచ్చినవాడి మొహం చూడాలి, జాలేస్తుంది.

విదూషకుడు పాపయ్య అడ్డొచ్చాడు. "రేవులో నేను విన్నది వేరు ప్రభూ. జర్మనీవాడికి విషమే. ఇంగ్లీషువాడికి కానుక. డెన్మార్కువాడైతే పెళ్లయిందని చెప్పడానికీ అదే మాటంటాడు."

"అర్థమంటే ఎక్కడైనా ఒకటే! దేశానికొకటి ఉంటుందటయ్యా?" అని జగ్గప్ప ఎగతాళి చేశాడు.

రాజావారికి ఆ మాటే నచ్చింది. ప్రాణం కాపాడినందుకు జగ్గప్పకు స్వయంగా తాంబూలమిచ్చారు. రాజు చేతి తాంబూలం అక్కడికక్కడే నమలాలి, నములుతూ నోరు తెరవకూడదు. అది ఆ కొలువు మర్యాద.

పాపయ్యకు అదే కావాలి.

"దుబాసీగారూ, రాజావారి మీద ఒట్టేసి చెప్పండి. ఇది విషమేనా?"

బుగ్గ నిండా తాంబూలం. జగ్గప్ప మనందరం ఊపినట్టే ధీమాగా తల అటూ ఇటూ ఊపాడు.

పాపయ్య కెప్టెన్ వైపూ, అతని వెంట వచ్చిన జర్మనీ, డెన్మార్కు నావికుల వైపూ తిరిగాడు. ముగ్గురికీ తెలుగులో వచ్చిన మాటలు రెండే. జగ్గప్ప తలని చూపించి అడిగాడు.

"అవునా? కాదా?"

"కాదు!" అన్నారు ముగ్గురూ ఒక్క గొంతుతో.

"విన్నారుగా ప్రభూ! విషం కాదని దుబాసీగారే ఒప్పుకున్నారు."

జగ్గప్ప తాంబూలం గుటుక్కున మింగి లబలబలాడాడు. "అయ్యో, నేనన్నది అవుననే! వాళ్ల దేశాల్లో తల ఇలా ఊపితే కాదని అర్థం ప్రభూ!"

పాపయ్య చేతులు కట్టుకుని అన్నాడు:

"తల ఊపుకే దేశానికో అర్థం ఉంటే, మాటకుండదా దుబాసీగారూ?"

సభ గొల్లుమంది. రాజావారు పొట్ట పట్టుకుని నవ్వారు. కెప్టెన్ కట్లు విప్పించి, తన మెళ్లోని ముత్యాలహారం తీసి పాపయ్య మెళ్లో వేశారు. ఆ వెంటనే జాడీని ఒళ్లోకి లాక్కున్నారు.

"హారం నీది పాపయ్యా. ఇది మాత్రం అడక్కు!"