తిరిగి రాని సీసాలు

కూతురికి జ్వరం తగ్గలేదు. ఆస్పత్రికి పోదామని భార్య పొద్దున్నుంచీ పోరుతోంది. దస్తగిరి వినలేదు. వావిలాకు కషాయం ఇంకో పూట తాగిస్తే చాలన్నాడు. ఆ మాటకు గురువుగారి చేత ఊఁ అనిపించుకుందామని దవాఖానాకు వచ్చాడు.

హకీం ఖుద్దూస్ సాహెబ్ అరుగు మీద కళ్లు మూసుకుని కూర్చున్నారు. ఊరంతా విషజ్వరాలు. నిద్రలేక ఆయన కళ్లు గుంటలు పడ్డాయి. శిష్యుడు దస్తగిరికి మాత్రం ఎక్కడలేని హుషారు. వృక్షశాస్త్రం చదివినవాడు మరి. ఫ్లేవనాయిడ్లన్న మాట అతని నోట్లో వక్కపలుకులా ఎప్పుడూ నానుతూ ఉంటుంది.

"ఆకులోని ఫ్లేవనాయిడ్లు వైరస్‌ను ఆపుతాయి హకీం సాబ్. ప్రయోగశాలలో గాజుపళ్లెంలో పెట్టి చూసినారు. మనకైతే మనుషుల్లోనే రుజువుంది," అంటూ అల్మారా చూపించాడు.

నయమైనవాళ్లు కషాయం సీసా కడిగి తెచ్చివ్వడం ఆ దవాఖానాలో ఆనవాయితీ. అల్మారాలో సీసాలు వరసగా మెరుస్తున్నాయి.

సాహెబ్ వాటివైపు చూశారు. "తిరిగి రానివో?"

"మరిచిపోయుంటారు."

ముసలాయన మోకాళ్లు పట్టుకుని లేచి చెప్పులు వేసుకున్నారు. "పా, అడిగొద్దాం."

కమ్మరి ఓబులేసు కొలిమి దగ్గర పనిలో ఉన్నాడు. గూట్లోంచి సీసా తీసి, సిగ్గుపడుతూ ఇచ్చాడు. దాని మూత కూడా తియ్యలేదు.

"చేదంటారని ముట్టలేదు సాయిబూ. జ్వరం దానంతటదే పాయె."

దస్తగిరి నవ్వేద్దామనుకున్నాడు. నవ్వు రాలేదు.

వీధి చివర సుంకన్న గడప మీద కూర్చుని ఉన్నాడు. వీళ్లను చూసి లోపలికి పోయి సీసా తెచ్చాడు. శుభ్రంగా కడిగి ఉంది.

"నా పెండ్లాం లచ్చుమమ్మ చుక్క మిగల్చకుండా తాగింది సామీ. ఇది చాలని మీ శిష్యుడు చెప్పినాడని ఆస్పత్రికి గూడా రానన్నింది. పోయిన సోమారం మట్టి చేసినాం. సీసా తెచ్చిద్దామనే అనుకున్యా. కాళ్లు రాలేదు."

అతని గొంతులో కోపం లేదు. కోప్పడి ఉంటే బాగుండునని దస్తగిరికి అనిపించింది.

సాహెబ్‌కూ ఆ సంగతి అప్పుడే తెలిసింది. ఆయన సుంకన్న పక్కనే గడప మీద కూలబడి, చాలాసేపు అతని చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. తర్వాత ఆ సీసా అందుకుని శిష్యుడి చేతికిచ్చారు.

"దీన్ని కూడా అల్మారాలోనే పెట్టు బేటా. ముందు వరసలో."

దస్తగిరి దాన్ని గుండెకు ఆనించుకుని రోడ్డు మీదికి పరుగెత్తాడు. ఎదురొచ్చిన ఆటోను ఆపాడు.

"ముందు మా ఇంటికి పోనీ అన్నా. పాపను ఎక్కించుకుని పెద్దాస్పత్రికి."