భానోజీరావు ఇంటి గోడ

సోమిదేవయ్యగారు ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాడి ముఖంలోకి కాసేపు చూసి, తనకు తెలిసినవాళ్ళ ఇంట్లో జరిగిన సంగతేదో ఎత్తుకునేవారు. ఆ ఉదయం పాఠం అయ్యాక చక్రధరం అనే శిష్యుడు, "గురువుగారూ, మనిషికి భయం పూర్తిగా పోవాలంటే ఏం చెయ్యాలి?" అని అడిగాడు. ఆయన పుస్తకం మూసి ఇలా చెప్పారు.

విజయనగరంలో భానోజీరావు కొత్తగా ఫ్లాటు కొనుక్కున్నాడు. హాల్లో దేవుడి పటాలకు చెక్క మందిరం బిగించాలి. లోపల చిన్న దీపం వెలిగించడానికి ప్లగ్గు దగ్గరగా ఉంటుందని, సరిగ్గా స్విచ్‌బోర్డు పైనే గోడ మీద గుర్తు పెట్టాడు. భార్య ఇందుమతి, "అక్కడొద్దండీ, బోర్డులోంచి తీగ నిట్టనిలువుగా పైకే పోతుంది" అంది. "మన గోడకి మనమే భయపడితే ఎలాగే?" అని నవ్వి, ఎవరి దగ్గరో అడిగి తెచ్చిన పాత ఇనుప డ్రిల్లు పట్టుకుని స్టూలెక్కాడు.

గోడలోంచి నిప్పురవ్వలు లేచాయి. ఇల్లంతా కరెంటు పోయింది. భానోజీరావు వెల్లకిలా పడ్డాడు. మణికట్టు విరిగింది గాని ప్రాణం దక్కింది.

ఎలక్ట్రీషియన్ వచ్చి తీగ మార్చి, కన్నం పూడ్చి వెళ్ళాడు. అయినా భానోజీరావు ఆ గోడ పక్కనుంచి నడవడం మానేశాడు. స్విచ్చి వెయ్యాలన్నా భార్యనే పిలిచేవాడు. "ఈ ఇంట్లో ఇంకెవరూ గోడ జోలికి పోవద్దు" అన్నాడు. దేవుళ్ళు భోజనాల బల్ల మీదే ఉండిపోయారు.

ఇందుమతి కొన్నాళ్ళు ఊరుకుంది. ఒక ఆదివారం పొద్దున్నే తనే మంచి డ్రిల్లు తెప్పించింది. బోర్డుకు దూరంగా, వెనక స్నానాలగది నీళ్ళ గొట్టాలు లేనిచోట, గోడను వేళ్ళతో తట్టి చూసుకుంది. హాలుకు కరెంటు తీసేసి, ప్లగ్గుల్లో టెస్టరు పెట్టి చూసి, డ్రిల్లుకు వంటింట్లోంచి వైరు లాక్కుంది. కళ్ళజోడు పెట్టుకుని స్టూలెక్కింది. భానోజీరావు వద్దు వద్దంటూనే వచ్చి, కట్టు లేని చేత్తో స్టూలు గట్టిగా పట్టుకున్నాడు.

"నీకు భయం వెయ్యడం లేదటే?"

"వేస్తోంది. అందుకే కదండీ కరెంటు తీసేసింది. మీరు స్టూలు వదలకండి."

డ్రిల్లు మోగింది. ఎర్రటి ఇటికపొడి సన్నగా రాలింది. అంతే, మరేమీ జరగలేదు. రెండో కన్నం కూడా వేసి ఆమె కిందికి దిగేసరికి, భానోజీరావు నేలమీద కూలబడి కళ్ళు తుడుచుకుంటున్నాడు. మధ్యాహ్నానికి మందిరం గోడకెక్కింది. బోర్డు దగ్గరికి వెళ్ళి, దీపం స్విచ్చి భానోజీరావు తనే వేశాడు.

సోమిదేవయ్యగారు ఆగారు. చక్రధరం, "అయితే ఆమెకు భయం పోయిందన్నమాట" అన్నాడు.

గురువుగారు ఉత్తరీయం సర్దుకుని లేస్తూ అన్నారు:

"పోయి ఉంటే, గోడను తట్టి చూసేదా?"